వజ్రముల వెదకుచు వచ్చిన యాత్రికుఁడు: టావెర్నియరు చరిత్రము

దేశాటనము విద్యలో నొక భాగమని పెద్దలు చెప్పుదురు. అయినను దేశాటనము చేసినవారందఱును విద్యావంతులు కాలేదు. త్రోవలోని సత్రములను, సంతలను మాత్రము చూచి మరలివచ్చువారు పెక్కండ్రు. చూచినదానిని తూచి, లెక్కించి, వ్రాసి, తరువాతివారికి విడిచిపోవువారు మిక్కిలి కొలఁదిమంది. అట్టివారిలో నొకఁడు జీను బాప్టిస్టు టావెర్నియరు అను ఫ్రెంచి రత్నవర్తకుఁడు. ఇతఁడు పదునేడవ శతాబ్దమున మన బందరు రేవునఁ గాలుమోపి, నిడుమోలు, ఉయ్యూరు త్రోవను నడచి, కృష్ణాతీరమందలి వజ్రపు గనులను కన్నులారఁ జూచి వ్రాసినవాఁడు. మన బాలబాలికలు తమ యూళ్ల పూర్వస్థితిని తెలిసికొనుటకు ఇతని చరిత్రము మిగుల నుపకరించును గనుక దాని నిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

టావెర్నియరు 1605వ సంవత్సరమున పారిసు నగరమున జన్మించెను. వారిది ప్రొటెస్టెంటు కుటుంబము. ఆంట్వెర్పు నగరమునందు మతమునుబట్టి కలిగిన బాధలవలన వారు స్వస్థలమును విడిచి పారిసునకు వచ్చి స్థిరపడిరి. తండ్రి గాబ్రియేలు దేశపటముల వ్యాపారము చేయువాఁడు. పండితులును, నావికులును అతని యింటికి వచ్చి, పటములను పఱచుకొని, నదులను గూర్చియు, సముద్రములను గూర్చియు, దూరదేశములను గూర్చియు ముచ్చటించుచుండిరి. బాలుఁడగు టావెర్నియరు ఆ మాటలను చెవియొగ్గి వినుచుండెను. పటముపైఁ గనఁబడు ఊళ్లను స్వయముగాఁ జూడవలెనను కోరిక ఆ వయస్సుననే అతని హృదయమున నాటుకొనెను. ఇంటిలో వినఁబడు సంభాషణము పిల్లల జీవితమును ఏ దారికి త్రిప్పునో దీనివలన తలిదండ్రులు గ్రహింపవచ్చును.

ఇరువదిరెండేండ్ల ప్రాయము వచ్చునప్పటికే అతఁడు ఐరోపాలోని ముఖ్యదేశములను చాలవఱకు చూచెను. 1631వ సంవత్సరమున కాన్‌స్టాంటినోపులు నగరమును జేరి, అచ్చట పదునొకండు నెలలు నిలిచి, బిడారులతోఁ గలిసి పారసీక దేశపు రాజధానియగు ఇస్పహాను వఱకు పోయెను. 1633లో బాగ్దాదు, అలెప్పోల మీఁదుగా స్వదేశమునకు మరలెను. దూరప్రయాణమునకు మిక్కిలి తగిన సరుకు రత్నములేయని అతఁడు కనుఁగొనెను. పట్టుబట్టలకు ఒంటెలు కావలెను, మిరియములకు ఓడలు కావలెను. ఒక రాజు ఖజానా ఖరీదుచేయు రత్నములను నడుముకట్టులో దాఁచుకొని పోవచ్చును. ఇట్లు రత్నవ్యాపారము అతనికి వృత్తి యయ్యెను. ఆ వృత్తియే అతనిని ఇతరులు పోని చోట్లకుఁ గొనిపోయెను.

అప్పటినుండి 1668 వఱకు అతఁడు తూర్పుదేశములకు మొత్తము ఆఱు యాత్రలు చేసెను. రెండవ యాత్రయందు పారసీకము గడచి ఆగ్రా, గోలకొండలను జూచెను. మూఁడవ యాత్రయందు జావాద్వీపమునకు పోయెను. దానియేలు అను అతని సోదరుఁడు ఆ ద్వీపమునందే మరణించెను. అతఁడు గుడ్‌హోపు అగ్రము చుట్టి 1649లో ఐరోపా చేరెను. మనకు ముఖ్యమైనది 1651లో మొదలిడిన నాలుగవ యాత్ర.

1652వ సంవత్సరము మే నెలలో పారసీకపు రేవగు బందరు అబ్బాసునందు అతఁడు గోలకొండ సుల్తాను ఓడ నెక్కెను. ఆ ఓడ ఏఁటేఁట మన తీరమునుండి సన్నని బట్టలను, అద్దకపు బట్టలను పారసీకమునకుఁ గొనిపోయి వచ్చుచుండెడిది. ఆ మాఱు దానిలో పారసీక, ఆర్మీనియా వర్తకులు అనేకులును, పారసీక రాజు గోలకొండ సుల్తానునకుఁ గానుకగా పంపిన గుఱ్ఱములును ఉండెను. నడిసముద్రమున గాలివాన పట్టినది. నీరు ఓడలోనికి విస్తారముగాఁ జొచ్చినది. ఎంత తోడినను తగ్గలేదు. అప్పు డొక వర్తకుని సరుకులో రుష్యాదేశపు పెద్ద తోళ్ల మూటలు ఉన్నట్లు తెలిసినది. తోలుపని యెఱిఁగినవారు ఆ తోళ్లను కుట్టి గొప్ప బొక్కెనలుగాఁ జేసిరి. వానిని కప్పీలతో దింపి లాగి నీటిని తోడివేసి ప్రాణములు దక్కించుకొనిరి. అమ్మకమునకుఁ గట్టిన సరుకు ఆపదలో అక్కఱకు వచ్చిన విధమును టావెర్నియరు వర్తకుని లెక్క తప్పక వ్రాసెను.

జూలై నెల మొదట వారు మచిలీపట్టణము చేరిరి. ఆ నాఁటి బందరు ఎట్లుండెనో అతని వ్రాఁతవలన మనకు విదితమగుచున్నది. అది గొప్ప పట్టణము. ఇండ్లన్నియు కొయ్యతోఁ గట్టినవి. బంగాళాఖాతమునందు ఓడలు లంగరు వేయుటకు ఇంతకంటె మంచి తావు లేదని అతని తీర్పు. ఇచ్చటినుండి పెగూ, సయాము, అరకాను, బంగాళము, కొచ్చిన్‌చైనా, మక్కా, ఓర్మజు, మడగాస్కరు, సుమత్రా, మనీలా మున్నగు చోట్లకు ఓడలు పోవుచుండెను. డచ్చివారు 1605లోనే ఇచ్చటికి వచ్చిరి. ఇంగ్లీషువారు 1611లో వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. ఈ రేవు వీథులలో నాఁడు ఎన్ని దేశముల భాషలు వినఁబడియుండునో మనము ఊహింపవచ్చును.

బందరు పరిసరములందలి అద్దకపు బట్టలనుగూర్చి అతఁడు ప్రత్యేకముగా వ్రాసెను. గోలకొండ రాజ్యమున, ముఖ్యముగా మచిలీపట్టణపు ప్రాంతమున, కలముతోఁ జిత్రించు బట్టలు తయారగుచున్నవనియు, వానికి కలందారు అని పేరనియు తెలిపెను. నేఁటికిని పెడనయందు ఈ కలంకారీ వృత్తి నిలిచియున్నది. ఇప్పుడు ఇచ్చట చెక్క అచ్చులతో నద్దుటయే విశేషము. టావెర్నియరు కాలపు రాజులు గతించిరి, ఓడలు పోయినవి. చేతిపని మాత్రము తరతరములుగాఁ జేతినుండి చేతికి వచ్చినది.

బందరునుండి గోలకొండకు పోవు దారి బండ్లకు తగినది కాదని అతఁడు వ్రాసెను. కొండలు, చెఱువులు, ఏఱులు, ఇఱుకు కనుమలు త్రోవను అడ్డగించుటచే సరుకులన్నియు ఎద్దులమీఁదను, తట్టువులమీఁదను పోవుచుండెను. పెద్దవారు పల్లకీలయందు పోవుచుండిరి. తానును ఒక పల్లకిని కొని, వానకాలమున, గండికోటకు బయలుదేఱెను. దారిలోని మజిలీలను అతఁడు తన చెవికి వినఁబడినట్లు నిల్మోలు, వూహీరు, పటెమెటు, బెజ్వారు అని ఫ్రెంచి లిపిలో వ్రాసికొనెను. నిడుమోలు, ఉయ్యూరు, పటమట, బెజవాడలను మనము వెంటనే గుర్తింపఁగలము. నడుమ నొక యేఱును తెప్పపై దాఁటవలసివచ్చెను. పటమట దాపున వర్షములచే నిలిచిపోయెను. బెజవాడయందు దేవాలయములను జూచి, వాని స్తంభములను, ప్రతిమలను వర్ణించి, కొండ గుడి మెట్లను సైతము లెక్కించెను. నేఁడు బస్సులో గంటన్నర రెండు గంటలలో పోవు ఆ దారి అతనికి నాలుగైదు దినముల శ్రమ. అయినను ఆ నాలుగైదు దినములలో అతఁడు చూచినంత, దినమును ఆ బస్సులో పోవు మనము చూచుచున్నామా యని ప్రశ్నించుకొనుట మంచిది.

గండికోటను గోలకొండ మంత్రియగు మీర్‌జుమ్లా అంతకుఁ గొలఁది కాలము క్రిందటనే జయించియుండెను. సుల్తానునకు అమ్మఁదలఁచిన ముత్యములను, రత్నములను మొదట ఈ మంత్రికిఁ జూపుట మర్యాద. అందుచే టావెర్నియరు అచ్చటికి పోయెను. మీర్‌జుమ్లా డేరాలో వట్టికాళ్లతోఁ గూర్చుండి, కాలివ్రేళ్ల సందులను, చేతివ్రేళ్ల సందులను ఉత్తరములను ఇఱికించుకొని, ఒక్కొక్కదానినే తీసి, ఇద్దఱు వ్రాయసగాండ్రకు జవాబులు చెప్పుచుండెనఁట. ఆ కోటలోనే క్లాడు మైయే అను ఫ్రెంచివాఁడు మంత్రికొఱకు ఫిరంగులను పోఁతపోయుచుండెను. రాజ్యము నడచు విధమును ఇంత చిన్న గుర్తులతోఁ జూపిన వ్రాఁతలు ఆ కాలమున అరుదు.

ఇఁక గనుల మాట. వజ్రపు గనులున్న సీమలు అడవులనియు, పులులు తిరుగుననియు, జనులు క్రూరులనియు, దారులు ప్రాణాపాయకరములనియు ఐరోపావారు చెప్పుకొనుచుండిరి. టావెర్నియరు ఆ భయములను లెక్కింపక గోలకొండకు అయిదు దినముల దూరమున నున్న రావులకొండ గనికిని, తూర్పున ఏడు దినముల దూరమున కృష్ణాతీరమందున్న కొల్లూరు గనికిని పోయెను. పోయిచూడఁగా జనులు సాధువులుగాను, వ్యవహారము న్యాయముగాను నున్నట్లు కనుఁగొనెను. వినికిడివలనఁ గలిగిన భయము కన్నులతోఁ జూచినపుడు తొలఁగిపోవుట దేశాటనమువలన కలుగు మొదటి లాభము.

కొల్లూరునందు స్త్రీలు, పిల్లలతోఁ గూడ ఇంచుమించు 60,000 మంది పనిచేయుచుండిరని అతఁడు వ్రాసెను. పురుషులు నీరు పడువఱకు పది పండ్రెండడుగుల లోఁతు త్రవ్వుచుండిరి. స్త్రీలును పిల్లలును మట్టిని మోయుచుండిరి. గోడలు పెట్టిన మడిలో ఆ మట్టిని నీటితోఁ గడిగి, యెండఁబెట్టి, మన రైతులు ధాన్యమును తూర్పారఁబట్టునట్లు చేటలతో చెఱిగి, మిగిలినదానిలో వజ్రములను వెదకుచుండిరి. వజ్రములను తూచు మంజాడి యెత్తు పేరును సైతము అతఁడు తన గ్రంథమునఁ జేర్చెను.

రావులకొండ బేరములయందు నోటి మాట లేదు. కొనువాఁడును అమ్మువాఁడును ఎదురెదురుగాఁ గూర్చుండి, గుడ్డ క్రింద చేతులు పట్టుకొని, వ్రేళ్లను నొక్కుటచేతనే వెల నిర్ణయించుకొనుచుండిరి. ప్రక్కనున్నవారికి ఏమియు తెలియదు. పదియేండ్లు మొదలు పదునాఱేండ్ల వఱకుఁ గల వర్తకుల పిల్లలు ప్రతిదినము ఉదయమున ఊరి నడుమనున్న పెద్ద చెట్టు నీడను కూర్చుండుచుండిరి. ఒక్కొక్కని ప్రక్కను తూనికరాళ్ల సంచియు, వరహాల సంచియు ఉండెడివి. ఎవఁడైన వజ్రమును దెచ్చినచో దానిని వారిలో పెద్దవాని చేతికిచ్చును. అతఁడు చూచి ప్రక్కవానికిచ్చును. ఇట్లు అందఱును మాటలాడకయే చూచినపిమ్మట రాయి మరల మొదటివానిని చేరును. అప్పు డతఁడు వెల యడిగి బేరమాడును. ఎక్కువ వెల పెట్టెనా, ఆ నష్టము అతనిదే. సాయంకాలమున తాము కొన్న రాళ్లను తరగతులుగా విభజించి, పెద్ద వర్తకులకు అమ్మి, లాభమును సమముగాఁ బంచుకొనుచుండిరి. పెద్దవానికి మాత్రము స్వల్పముగా నెక్కువ. మన తరగతులలోని వయస్సుగల ఆ బాలురు చూపును, మౌనమును, లెక్కను, పొత్తును చెట్టు క్రిందనే నేర్చుకొనిరి.

అయితే టావెర్నియరు వ్రాసిన మఱియొక లెక్కను మనము విడువరాదు. రావులకొండ గనిలో, పనియందు మిక్కిలి నేర్పరులైన కూలివారికి సైతము సంవత్సరమునకు కూలి మూఁడు వరహాలు మాత్రమే. పొట్ట నిండనందున వారిలోఁ గొందఱు వజ్రములను దాఁచుటకు, మ్రింగుటకు సైతము సాహసించుచుండిరి. వారిని కనిపెట్టుటకు కావలివారు నియమింపఁబడిరి. చెట్టు క్రింది బాలుని సంచిలో అయిదాఱు వందల వరహాలు; గోతిలోని మనుష్యునికి ఏఁటికి మూఁడు. ఈ రెండు లెక్కలను అతఁడు ఒకదాని కొకటి సరిపోల్చి చూపలేదు. వర్తకుఁడు గనుక వ్రాసి ముందునకు సాగెను. చదువు మనము సరిపోల్చవలెను. ఒక వజ్రము వెలఁగుటకు ఎన్ని వీఁపులు వంగినవో ఆ లెక్కయే చెప్పుచున్నది.

తరువాతి యాత్రలలో అతఁడు మొగలాయి రాజధానిని జూచెను. 1665వ సంవత్సరము నవంబరు మొదట ఔరంగజేబు చక్రవర్తి అనుమతివలన రాజరత్నములను చేతఁబట్టి చూచు భాగ్యము అతనికిఁ గలిగెను. గొప్ప మొగలాయి వజ్రము అనఁబడు రాతిని తూచి, దాని రూపమును వ్రాసికొనెను. నెమలి సింహాసనమును వర్ణించెను. ఆ రాయి తరువాత ఎచ్చటికి పోయెనో నిశ్చయముగాఁ దెలియదు. ఆ సింహాసనము 1739లో నాదిర్షా చేతఁ గొనిపోఁబడెను. ఆ పిమ్మట టావెర్నియరు, వైద్యుఁడగు బెర్నియరు అను మఱియొక ఫ్రెంచి యాత్రికునితోఁ గూడి, బంగాళమునకు పోయి, 1666 ఆరంభమున ఢాకాను జూచి, 1668లో స్వదేశము చేరెను.

అతఁడు దెచ్చిన వజ్రములను ఫ్రెంచి రాజగు పదునాలుగవ లూయీ కొనెను. వానిలో 112 కారెట్లకుఁ బైబడిన నీలవర్ణపు వజ్రము ఒకటి. అది కొల్లూరు గనిలోనిదని పరిశోధకులు తలంచుచున్నారు. 1669లో రాజు టావెర్నియరునకు ప్రభుపదవి నిచ్చెను. అతఁడు జెనీవా సమీపమున ఓబోను అను సంస్థానమును కొనెను. ఆ నీలవజ్రమును రాజు చెక్కించెను. 1792లో ఫ్రెంచి విప్లవకాలమున దొంగలు దాని నపహరించిరి. మరల చెక్కఁబడి హోపు వజ్రమను పేరఁ బ్రసిద్ధికెక్కి, 1958 నుండి అమెరికాలోని వాషింగ్టను నగరమున స్మిత్‌సోనియను ప్రదర్శనశాలయందున్నది. ఇప్పుడు దాని తూనిక 45 కారెట్లకుఁ గొంచెము పైగా నున్నది. చేతులు మాఱినప్పుడెల్ల పేరును, రూపును, బరువును కోల్పోవుట రత్నములకు విధియేమో!

1676వ సంవత్సరమున అతని ఆఱు యాత్రల గ్రంథము పారిసునందు ప్రచురింపఁబడెను. ఆ వ్రాఁతకు షప్యుజో అను పండితుఁడు తోడ్పడెను. ఆ గ్రంథమునందు లోపములును గలవు. తేదీలు కొన్నిచోట్ల పొసఁగవు. గనులకుఁ దారి చూపిన మొదటి ఐరోపావాఁడను నేనే యని అతఁడు తలంచెను. కాని బందరు ఇంగ్లీషు వర్తకస్థానమందుండిన మెథువోల్డు అంతకుఁ బూర్వమే కొల్లూరును జూచి వ్రాసియుండెను. మన ప్రజల మతమును, ఆచారములను అతఁడు పైపైనఁ జూచి తొందరపడి తీర్పు చెప్పిన చోట్లు లేకపోలేదు. అయినను తూనికలు, దూరములు, వెలలు, పనివాండ్ర విధానములు అను వీనియందు అతని మాటకు విలువ తఱుగలేదు. 1889లో భూగర్భశాస్త్రజ్ఞుఁడగు వాలెంటైను బాలు ఈ గ్రంథమును ఇంగ్లీషున వెలువరించి, అతఁడు వ్రాసిన దూరములనుబట్టి గనుల స్థానములను గుర్తించుటకుఁ బ్రయత్నించెను.

టావెర్నియరు ముసలితనమున విశ్రాంతి ననుభవించినవాఁడు కాఁడు. 1684లో బ్రాండెన్‌బర్గు ప్రభువు తూర్పుదేశపు వర్తకమునకై అతని నాహ్వానించెను. 1685లో ఓబోను సంస్థానమును అమ్మివేసెను. ఆ సంవత్సరమే ఫ్రాన్సులోని ప్రొటెస్టెంట్ల మతస్వాతంత్ర్యమును పదునాలుగవ లూయీ రద్దుచేసెను. వేలకొలఁది కుటుంబములు దేశమును విడిచిపోవలసివచ్చెను. ఎనుబదియేండ్లు దాఁటినను టావెర్నియరు మరల తూర్పుదారిఁ బట్టి, 1689లో రుష్యాలోని మాస్కో నగరమున మరణించెను. తండ్రి యింట పటముపైఁ జూచిన దారులు అతనిని తుదివఱకు పిలుచుచునే యుండెను.

అతఁడు చూచినవానిలో నేఁడు మిగిలిన వెన్ని? కొయ్య యిండ్ల బందరు లేదు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో ఇంచుమించు 30,000 మంది ప్రాణములు గోల్పోయిరి. పిమ్మట రేవునకు పూర్వవైభవము రాలేదు. 2023లో క్రొత్త రేవు పనులు మొదలిడిరి. అఱువదివేలమంది త్రవ్విన కొల్లూరు పులిచింతల జలాశయపు నీటి క్రింద మునిఁగినది. ఓబోను సంస్థానము పరుల పాలయ్యెను. నీలవజ్రము సగమునకుఁ దక్కువయై సముద్రములకు ఆవల నున్నది. టావెర్నియరు సొత్తులో తఱుగక నిలిచినది కాగితముపై వ్రాసిన లెక్క యొక్కటియే.

బాలురారా, బాలికలారా! వేలకొలఁది మైళ్లు దాఁటి వచ్చిన పరదేశి మన యూళ్ల మజిలీలను, మన చేతిపనులను, మన గుడి మెట్లను లెక్కించి వ్రాసిపోయెను. మన కృష్ణామండలమున అట్టి చూపునకై వేచియున్న చోట్లు ఇంకను పెక్కులున్నవి. రెండవ శతాబ్దపు గ్రీకు భూగోళశాస్త్రజ్ఞుఁడు టాలెమీ పేర్కొన్న కంటకోస్సిల మన ఘంటసాలయే యని పండితులు గుర్తించిరి. గుడివాడయందు బౌద్ధుల కాలపు దిబ్బ గలదు. దివిసీమ కొనను కృష్ణ సముద్రమునఁ గలియు హంసలదీవి గలదు. బందరునందే డచ్చివారి సమాధులపై చెక్కిన రాతలు గలవు. సెలవుదినములలో తలిదండ్రులతోనో, ఉపాధ్యాయులతోనో ఈ చోట్లకుఁ బొండు. ఒక చిన్న పుస్తకమును, కొలత త్రాడును వెంటఁ గొనిపొండు. ఏమి చూచితిరో, ఎంత పొడవో, ఎవరు పనిచేయుచున్నారో, వారికి ఏమి గిట్టుచున్నదో వ్రాసికొనుఁడు. ఆ కడపటి ప్రశ్నను మాత్రము మఱువకుఁడు. టావెర్నియరు దాని జవాబును వ్రాసియు ఆలోచింపక విడిచిపెట్టెను. దానిని ఆలోచించు పని మనది.